యాసిడ్ ట్యాంకు దేంతో చేయించాలి? చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా యూనిట్లకు సమగ్ర మార్గదర్శి

ఫ్యాబ్రికేటర్‌కు ఫోన్ చేసి "అన్నా, ఇరవై కేఎల్ యాసిడ్ ట్యాంకు కావాలె, రేటెంత పడ్తది?" అని అడిగితే (కేఎల్ అంటే వెయ్యి లీటర్లు) అరగంటలో కొటేషన్ వచ్చేస్తుంది. ఆ ప్రశ్నలోనే తప్పుంది. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను మామూలు ఇనుప ట్యాంకులో ఏళ్ల తరబడి పెట్టుకోవచ్చు. అదే యాసిడ్ నీళ్లు తగిలి 50 శాతానికి దిగిందంటే అదే ఇనుముకు వారాల్లో చిల్లు పడుతుంది. ఇన్వాయిస్ మీద రెండుసార్లూ పేరొకటే, సల్ఫ్యూరిక్ యాసిడ్. పేరు చూసి మెటీరియల్ ఎంచుకుంటే ఇలాగే దెబ్బతింటాం.

ఈ చుట్టుపక్కల ఎక్కువగా నిల్వ చేసేవి నాలుగు: 98 శాతం సల్ఫ్యూరిక్, 30 నుంచి 33 శాతం హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్), 48 శాతం కాస్టిక్ లై (సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం), 10 నుంచి 12 శాతం సోడియం హైపోక్లోరైట్ (వాడుకలో హైపో). పోలేపల్లి, చౌటుప్పల్, చిట్యాల వైపు మందుల యూనిట్లయినా, నీళ్లలోని లవణాలు తీసేసే డీఎం ప్లాంటున్న బాయిలర్ హౌస్ అయినా, మంచినీళ్ల శుద్ధి కేంద్రమైనా వీటిలో ఒకటో రెండో లేకుండా నడవదు. అందుకే వీటి మీదే వివరంగా చెబుతున్నాం. వేరే ద్రవం ఉన్నవాళ్లకూ పద్ధతి ఇదే.

1. ముందు ద్రవం జాతకం రాయండి

ఒక తెల్లకాగితం మీద ఇవి రాయండి. గాఢత ఎంతకు తగ్గవచ్చు, ఎంతకు పెరగవచ్చు. వేడి ఎంత నుంచి ఎంత. సాంద్రత. అందులో కలిసి వచ్చే మలినాలు. రోజుకు ఎన్నిసార్లు నింపుతారు, ఎలా నింపుతారు, పంపుతోనా, ట్యాంకర్‌కు గాలి పెట్టి తోస్తారా. ట్యాంకు ఎప్పుడైనా నీళ్లతో కడుగుతారా. ద్రవంలో ఇనుము ఎంతవరకు ఉండొచ్చో మీ ప్రాసెస్ ఒప్పుకునే పరిమితి.

వీటిలో జనం వదిలేసేది మలినాలు. ఎమ్మెస్‌డీఎస్‌లో, అంటే కెమికల్‌తో వచ్చే భద్రతా వివరాల పత్రంలో, అవి కనబడవు. సరఫరాదారు ఇచ్చే బ్యాచ్ అనాలిసిస్ సర్టిఫికెట్ తీసుకోండి. ముఖ్యంగా చౌకగా వస్తోందని బై-ప్రొడక్ట్ హెచ్‌సీఎల్ కొనేవాళ్లు జాగ్రత్త. వేరే యూనిట్ రియాక్షన్‌లోంచి వచ్చిన ఆ యాసిడ్‌లో టోలీన్, క్లోరోబెంజీన్ లాంటి సాల్వెంట్ కొద్దిగా కలిసి ఉండొచ్చు. ఇనుప ట్యాంకు లోపల అతికించే రబ్బరు లైనింగును హెచ్‌సీఎల్ ఏమీ చేయదు, సాల్వెంటే రబ్బరును ఉబ్బిస్తుంది. లైనింగు బుడగలు లేచి షెల్ (ట్యాంకు గోడ) నుంచి విడిపోతుంది, ఆ తర్వాత ఇనుమును తినడం యాసిడ్ వంతు. కొనేముందు సీసాలో ఒక లీటరు పట్టి రాత్రంతా కదలకుండా ఉంచండి. పొద్దున పైన నూనెలాంటి పొర తేలితే ఆ మాల్ వద్దు. పొర లేకపోయినా కరిగిన సాల్వెంట్ ఉండొచ్చు కాబట్టి ల్యాబులో జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) పరీక్ష చేయించండి. వాసన చూసి చెబుదామని మూత దగ్గర ముక్కు పెట్టకండి.

2. వేడి లెక్క: రోహిణి కార్తె మధ్యాహ్నం

ప్లాస్టిక్ ట్యాంకుల బలం లెక్కలన్నీ 23 డిగ్రీల దగ్గర కట్టినవి. నల్లగొండలో మే నెలలో గాలి వేడే 44, 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఉన్న నల్ల హెచ్‌డీపీఈ (గట్టి పాలీఎథిలీన్ ప్లాస్టిక్) గోడ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ఊహించుకోవడం దేనికి, ఇన్‌ఫ్రారెడ్ గన్ పట్టుకుని మధ్యాహ్నం మూడింటికి పడమటి వైపు గోడ మీద పెట్టి చూడండి. ద్రవం ఉన్న మట్టం దగ్గర ఒక రీడింగ్, ఖాళీ ఉన్న పై భాగం దగ్గర ఒకటి. పై భాగమే ఎక్కువ చూపిస్తుంది, వెనక ద్రవం లేదు కదా చల్లబరచడానికి. నాజిళ్లు (పైపులు బిగించే మెడలు), మ్యాన్‌హోల్ ఉండేదీ అక్కడే.

ఆ రీడింగే మీ డిజైన్ వేడి. దానికి తగ్గట్టు ట్యాంకు కంపెనీని డీరేటింగ్ చార్టు, అంటే వేడి పెరిగేకొద్దీ బలం ఎంత తగ్గుతుందో చెప్పే పట్టిక, అడగండి. చార్టు లేదన్న కంపెనీ దగ్గర కొనకండి. ప్లాస్టిక్ ట్యాంకుకు పైన రేకుల షెడ్డు వేయడం అన్నిటికంటే చౌకైన బీమా.

3. ఏ ద్రవానికి ఏది నిలుస్తుంది

సల్ఫ్యూరిక్, 93 నుంచి 98 శాతం. మామూలు కార్బన్ స్టీల్, అంటే మనం ఎంఎస్ అనేదే, ఇక్కడ రాజు. యాసిడ్ తగలగానే ఇనుము మీద ఫెర్రస్ సల్ఫేట్ పొర కడుతుంది, ఆ పొరే మిగతా ఇనుమును కాపాడుతుంది. అది మెత్తని పొర, మూడు పనులు చేస్తే ఊడిపోతుంది: వేడి చేస్తే, వేగంగా పారిస్తే, తేమ తగలనిస్తే.

వేడి 40 డిగ్రీల లోపు ఉంచండి, తెల్ల పెయింటు వేయండి, షేడ్ ఇవ్వండి. ఎంఎస్ లైన్లలో వేగం సెకనుకు ఒక మీటరు దాటకూడదు. లెక్క చూడండి. గంటకు 10 ఘనమీటర్ల పంపుకు 50 మి.మీ. లైను వేస్తే వేగం 1.4 మీటర్లవుతుంది, మొదట ఎల్బోలు పలుచబడతాయి. అదే 80 మి.మీ. వేస్తే 0.55 మీటర్లే. పైపు ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఎల్బోలు మార్చే బాధ తప్పుతుంది. లేదా పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లైనింగు ఉన్న పైపు వాడండి. నింపే పైపును గోడకు దూరంగా లోపలికి దించండి, యాసిడ్ గోడ మీద జారుతూ పడకూడదు.

ఇక తేమ. వానాకాలంలో ట్యాంకు రాత్రి చల్లబడి బయటి గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలిలోని తేమను యాసిడ్ పైపొర తాగేస్తుంది, లోపలి కప్పు మీద, ద్రవం మట్టం దగ్గర పలుచని యాసిడ్ తయారవుతుంది. అందుకే ఈ ట్యాంకులు అడుగున బాగుండి నడుము దగ్గర, కప్పు దగ్గర చెడుతాయి. వెంటుకు (గాలి వచ్చిపోయే గొట్టానికి) తేమ పీల్చే సిలికాజెల్ బ్రీదర్ పెట్టి, రంగు మారగానే జెల్ మార్చండి.

ఇంకో రకం దెబ్బను చాలామంది వెల్డింగు లోపమని పొరబడతారు. ఇనుము మీద యాసిడ్ పనిచేసినప్పుడు హైడ్రోజన్ బుడగలు పుడతాయి. అవి ఒకే దారి వెంట పైకి పాకుతూ రక్షణ పొరను గీరుకుపోతాయి, అక్కడ గాడి పడుతుంది. అడ్డంగా పడుకోబెట్టిన ట్యాంకుల్లో పై సగంలో, మ్యాన్‌హోల్ మెడలో, నాజిళ్ల పైవైపు నిలువు గీతలు కనిపిస్తే అవి ఇవే. నాజిళ్లకు అల్లాయ్ 20 (యాసిడ్‌ను తట్టుకునే నికెల్ మిశ్రమలోహం) లేదా పీటీఎఫ్‌ఈ తొడుగు వేయించడం దీనికి మందు.

ఆ హైడ్రోజన్ కప్పు కింద చేరుతుంది. కాబట్టి యాసిడ్ ట్యాంకు "ఖాళీగానే ఉందిగా" అని పైన వెల్డింగు పెట్టించడం ప్రాణాంతకం. 2001 జూలై 17న అమెరికాలోని డెలావేర్‌లో ఒక రిఫైనరీలో వాడేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకుల దగ్గర నడకదారి మరమ్మతు చేస్తున్నారు. తుప్పుతో చిల్లులు పడ్డ ట్యాంకులోని మండే ఆవిరికి నిప్పంటుకుని ట్యాంకు పేలింది, ఒక కార్మికుడు చనిపోయాడు. గ్యాస్ టెస్టు, వర్క్ పర్మిట్ లేకుండా ఆ చుట్టుపక్కల గ్రైండర్ కూడా తిప్పనివ్వకండి.

98 శాతానికి హెచ్‌డీపీఈ ట్యాంకు ఇస్తామనేవాళ్లు ఉంటారు. వద్దు. ఆ గాఢతలో యాసిడ్ ప్లాస్టిక్‌ను ఆక్సిడైజ్ చేసి పెళుసుబారుస్తుంది, గోడ నల్లబడి సన్నని పగుళ్లు మొదలవుతాయి. పీపీ (పాలీప్రొపిలీన్), పీవీసీ, మామూలు ఎఫ్‌ఆర్‌పీ (గాజు పోగులు కలిపిన రెజిన్ ప్లాస్టిక్) ఏవీ దీనికి పనికిరావు. 50 శాతం లోపు పలుచని యాసిడ్‌కు మాత్రం కథ తిరగబడుతుంది: అక్కడ హెచ్‌డీపీఈ, వినైల్ ఎస్టర్ రెజిన్‌తో చేసిన ఎఫ్‌ఆర్‌పీ, రబ్బరు లైనింగు బాగుంటాయి, ఎంఎస్ పనికిరాదు. ఒకే ట్యాంకులో ఇవాళ 98, రేపు 40 పెడతామంటే ఆ రెంటికీ సరిపోయే చౌక మెటీరియల్ లేదు. రెండు ట్యాంకులు పెట్టుకోండి.

హెచ్‌సీఎల్, 30 నుంచి 33 శాతం. ఎంఎస్ వద్దని అందరికీ తెలుసు. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) కూడా వద్దని కొందరికి తెలియదు. 316 ఎస్ఎస్ అంటే అన్నిటికీ ఆగుతుందన్న భ్రమ ఒకటి ఉంది. క్లోరైడ్ ముందు దాని పొర నిలవదు, హెచ్‌సీఎల్‌లో ఎస్ఎస్ ఎంఎస్‌కు తమ్ముడే.

20 కేఎల్ వరకు, స్వచ్ఛమైన యాసిడ్‌కు, షేడ్ ఉన్న చోట హెచ్‌డీపీఈ చాలు. అంతకంటే పెద్దదైతే, ఎండలో ఉంటే, లేదా వాహనాలు తిరిగే చోటైతే రబ్బరు లైనింగు చేసిన ఎంఎస్ గానీ, వినైల్ ఎస్టర్ ఎఫ్‌ఆర్‌పీ గానీ చూడండి. సాల్వెంట్ ఉన్న బై-ప్రొడక్ట్ యాసిడ్‌కు ఈ మూడూ అనుమానమే. దానికి ముక్క పరీక్ష చేయకుండా ఆర్డరు పెట్టొద్దు, ఆ పద్ధతి కింద ఉంది. వేసవిలో 33 బదులు 30 శాతం తెప్పించుకుంటే పొగ బాగా తగ్గుతుంది, చుట్టూ ఉన్న ఇనుప మెట్లు, కేబుల్ ట్రేలు బతుకుతాయి.

కాస్టిక్ లై, 48 శాతం. గది వేడిలో ఎంఎస్ బాగానే ఆగుతుంది. ఇక్కడ శత్రువు వేడి. సుమారు 45, 50 డిగ్రీలు దాటితే వెల్డింగు చుట్టూ మిగిలిపోయిన ఒత్తిడి దగ్గర ఇనుము పగులుతుంది. గోడ పలుచబడదు, మందం గేజి పెడితే పూర్తి మందమే చూపిస్తుంది, అయినా వెల్డు పక్కన తెల్లటి ఉప్పులా కారిన చార కనబడుతుంది. వేడి తప్పదంటే వెల్డింగు తర్వాత ఆ ఒత్తిడి పోయేలా కాల్చి చల్లార్చే స్ట్రెస్ రిలీవింగ్ చేయించాలి. ఇంకా వేడెక్కే చోటైతే నికెల్ అవసరమవుతుంది.

ఇందులో చలికాలం మెలిక ఒకటుంది. 50 శాతం లై సుమారు 12 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లైన్లు బిగుసుకుంటే స్టీమ్ ట్రేసింగ్, అంటే లైను వెంట వేడి ఆవిరి గొట్టం, వేస్తారు. మార్చి నెల రాగానే ఆ స్టీమ్ వాల్వు మూయడం మర్చిపోతే పగుళ్లకు మనమే దారి చేసినట్టు. స్టీమ్ బదులు థర్మోస్టాట్ ఉన్న ఎలక్ట్రిక్ ట్రేసింగ్ పెట్టుకోండి.

చిన్న యూనిట్లలో కాస్టిక్ ఫ్లేక్స్ కొని నిల్వ ట్యాంకులోనే నీళ్లు పోసి కలుపుతారు. కరిగేటప్పుడు పుట్టే వేడికి ద్రావణం 80 డిగ్రీలు దాటిపోగలదు. హెచ్‌డీపీఈ మెత్తబడుతుంది, ఎంఎస్‌కు పైన చెప్పిన పగుళ్లు. కలపడానికి విడిగా చల్లబరిచే ఏర్పాటున్న చిన్న ఎస్ఎస్ 304 పాత్ర ఉంచుకుని, చల్లారాకే ట్యాంకులోకి పంపండి. యాసిడ్‌కూ అంతే, నిల్వ ట్యాంకులో ఎప్పుడూ పలుచన చేయకూడదు.

అల్యూమినియం, జింకు పూత పూసిన జీఐ కాస్టిక్ దరిదాపుల్లో ఉండకూడదు. రెండూ కరిగి హైడ్రోజన్ ఇస్తాయి. ఎఫ్‌ఆర్‌పీ అయితే లోపలి పొరలో గాజు వీల్ (ద్రవం వైపు వేసే పలుచని గుడ్డలాంటి పొర) బదులు సింథటిక్ వీల్ అడగండి, కాస్టిక్ గాజును తినేస్తుంది.

హైపో, 10 నుంచి 12 శాతం. ఇది ట్యాంకును తినడంతో పాటు తనను తానూ తినేస్తుంది. ఎండ, వేడి, నికెల్, కోబాల్ట్, రాగి, ఇనుము తగిలితే ఆక్సిజన్ వదులుతూ బలహీనపడిపోతుంది. ఎస్ఎస్ అసలు వద్దు. వెలుతురు దూరని హెచ్‌డీపీఈ, లేదా లోపల పీవీసీ ఉన్న ఎఫ్‌ఆర్‌పీ తీసుకోండి. ఒట్టి వినైల్ ఎస్టర్ ఎఫ్‌ఆర్‌పీ అయితే ఫ్యాబ్రికేటర్‌ను ఒకే ఒక ప్రశ్న అడగండి: "క్యూరింగ్ దేంతో?" క్యూరింగ్ అంటే రెజిన్‌ను గట్టిపరచడం. దానికి మామూలుగా వాడే కెమికల్స్ ఎమ్‌ఈకేపీ, కోబాల్ట్ జంట. హైపోకు అది కుదరదు, బీపీఓ, డీఎమ్‌ఏ జంటతో చేయాలి. ఆ తేడా తెలియని ఫ్యాబ్రికేటర్‌కు హైపో ట్యాంకు ఇవ్వకండి. 10 కేఎల్ తెప్పించి రెండు నెలలు పెట్టుకోవడం కంటే నాలుగైదు కేఎల్ ట్యాంకుతో తరచూ తెప్పించుకోవడం మేలు, వేసవిలో సగం బలం ట్యాంకులోనే పోతుంది.

4. గోడ మందం మీరే లెక్కేయండి

నీళ్ల ట్యాంకు, కెమికల్ ట్యాంకు చూడటానికి ఒకేలా ఉంటాయి, మందం వేరు. మూడు నాలుగు వేల లీటర్ల నల్ల నీళ్ల ట్యాంకులో కాస్టిక్ పోసి ఏళ్లుగా వాడుతున్నామనేవాళ్లు ఉంటారు. వాళ్లది అదృష్టం, డిజైన్ కాదు.

పాలీఎథిలీన్ నిలువు ట్యాంకులకు అందరూ వాడే అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ1998 లెక్క సులువు. అడుగున ద్రవం ఒత్తిడిని ట్యాంకు వ్యాసంతో గుణించి, ప్లాస్టిక్ గోడకు అనుమతించే ఒత్తిడికి (స్ట్రెస్) రెట్టింపుతో భాగించాలి. 23 డిగ్రీల దగ్గర గోడకు అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 4.14 మెగాపాస్కల్.

2.6 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల ద్రవం ఎత్తు తీసుకుందాం, సుమారు 21 కేఎల్ పడుతుంది. నీళ్లకైతే అడుగున ఒత్తిడి 0.0392 మెగాపాస్కల్, మందం 12.3 మి.మీ. చాలు. హెచ్‌సీఎల్ సాంద్రత 1.16, మందం 14.3 మి.మీ. కాస్టిక్ లై సాంద్రత 1.52, మందం 18.7 మి.మీ. అవే కొలతల నీళ్ల ట్యాంకులో లై పోస్తే అడుగున ఆరు మి.మీ. పైగా తక్కువ పడుతోంది. ఇవి 23 డిగ్రీల అంకెలు, మన వేసవికి ఇంకా పెంచాలి. కొటేషన్‌లో "స్పెసిఫిక్ గ్రావిటీ 1.9 డిజైన్" అని రాయించుకోండి, డెలివరీ రోజు అల్ట్రాసోనిక్ గేజితో అడుగు నుంచి అర అడుగు ఎత్తున నాలుగు వైపులా కొలిచి సంతకం చేయండి.

ఎంఎస్‌కు బలం లెక్కలో వచ్చిన మందానికి తుప్పు వాటా కలుపుతారు, సాధారణంగా 3 మి.మీ. అది ఎన్నేళ్లు వస్తుందో తర్వాతి అంచెలో తేలుతుంది.

5. ముక్క ముంచి చూడండి

చార్టులు స్వచ్ఛమైన ద్రవాలకు రాసినవి. మీ ట్యాంకర్‌లో వచ్చే ద్రవానికి చార్టు లేదు. నెల రోజులు ఓపిక పడితే మీరే చార్టు రాసుకోవచ్చు.

50, 25, 3 మి.మీ. కొలతలున్న ముక్కలు మూడు కోయించండి. అంచులు నున్నగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, మిల్లీగ్రాము దాకా తూచండి. వెల్డు ఉన్న ముక్క ఇంకొకటి విడిగా చేయించండి, చెడేది ముందు వెల్డే. గాజు సీసాలో ముక్కకు 600 మి.లీ. చొప్పున ద్రవం పోయండి. ఒక ముక్క పూర్తిగా మునిగేట్టు, ఒకటి సగం మునిగేట్టు, మూడోది ఆవిరిలో వేలాడేట్టు పీటీఎఫ్‌ఈ దారంతో కట్టండి. సగం మునిగిన ముక్క మీద ద్రవం మట్టం దగ్గర గీత పడిందా, ట్యాంకు నడుముకూ అదే గతి. సీసా మూత బిగించకండి, హైడ్రోజన్ పుడితే పగులుతుంది. సీసాను ఫ్యూమ్‌హుడ్‌లో, మీ డిజైన్ వేడి దగ్గర ఉంచండి.

30 రోజులకు తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచండి. పోయిన గ్రాములను 87,600తో గుణించాలి. దాన్ని చదరపు సెంటీమీటర్లలో వైశాల్యం, గంటలు, లోహం సాంద్రత మూడింటి లబ్ధంతో భాగించాలి. ఏడాదికి ఎన్ని మి.మీ. పోతుందో వస్తుంది. ఉదాహరణకు ఈ ముక్క వైశాల్యం 29.5. 720 గంటల్లో 0.60 గ్రాములు పోతే, ఇనుము సాంద్రత 7.86 వేసుకుంటే ఏడాదికి 0.31 మి.మీ. తేలుతుంది. 3 మి.మీ. వాటా తొమ్మిదిన్నరేళ్లు వస్తుంది. ఏడాదికి 0.1 లోపు వస్తే నిశ్చింత. 0.5 దాటితే ఆ లోహం మర్చిపోండి. సగటు తక్కువ వచ్చినా భూతద్దంలో గుంటలు కనిపిస్తే కూడా మర్చిపోవాల్సిందే, గుంటలకు సగటు లెక్క వర్తించదు.

రబ్బరుకు, ప్లాస్టిక్‌కు తూకం ఒక్కటే చాలదు. 7, 30, 90 రోజులకు తూచి, మందం కొలిచి, గట్టిదనం షోర్ గేజితో చూడండి. బరువు మొదట పెరిగి ఒక చోట ఆగితే పర్వాలేదు, ఆగకుండా పెరుగుతుంటే ఉబ్బుతోందని అర్థం. హెచ్‌డీపీఈ ముక్కను వంచినప్పుడు తెల్లబడి విరిగితే అక్కడితో ఆపేయండి.

6. ట్యాంకు కారేది గాస్కెట్ దగ్గర

షెల్ కోసం నెలలు ఆలోచించినవాళ్లు కూడా గాస్కెట్ స్టోర్‌లో ఏదుంటే అది వేసేస్తారు. నాలుగు ద్రవాలకూ ఒకే రబ్బరు సరిపోదు.

98 సల్ఫ్యూరిక్‌కు పీటీఎఫ్‌ఈ, కాకపోతే వైటాన్ (ఫ్లోరిన్ ఉన్న రబ్బరు). ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు), సహజ రబ్బరు పెడితే బొగ్గవుతాయి. హెచ్‌సీఎల్‌కు ఈపీడీఎం, వైటాన్ రెండూ సరే. కాస్టిక్‌కు ఈపీడీఎం మంచిది, వైటాన్ పెళుసవుతుంది. హైపోకు వైటాన్. యాసిడ్ ట్యాంకు గాస్కెట్లు, కాస్టిక్ ట్యాంకు గాస్కెట్లు ఒకే డబ్బాలో ఉండే స్టోర్‌లో ఈ తప్పు ఎప్పుడో ఒకసారి జరిగి తీరుతుంది. రెంటికీ ఎన్వలప్ పీటీఎఫ్‌ఈ (పైన పీటీఎఫ్‌ఈ తొడుగున్న గాస్కెట్) వేసుకుంటే గొడవ ఉండదు, ఖర్చు కొంచెం ఎక్కువ.

బోల్టులు: హెచ్‌సీఎల్ పొగ తగిలే చోట ఎస్ఎస్ 304 బోల్టు పైకి మెరుస్తూనే లోపల పగులుతుంది. పీటీఎఫ్‌ఈ పూత ఉన్న స్టడ్‌లు వేసి పైన ప్లాస్టిక్ టోపీలు తొడగండి.

హైపో లైన్లో మామూలు బాల్ వాల్వు పెట్టకండి. మూసినప్పుడు బాల్ లోపలి బోలులో ద్రవం చిక్కుకుంటుంది, ఆక్సిజన్ పుడుతుంది, పోయే దారి లేక వాల్వు పగిలి ఎగురుతుంది. బాల్‌కు ట్యాంకు వైపు చిన్న రంధ్రం వేసిన వెంటెడ్ వాల్వులు దొరుకుతాయి. లేదా డయాఫ్రమ్ వాల్వు వాడండి.

ప్లాస్టిక్ ట్యాంకు నిండితే బయటికి ఉబ్బుతుంది, ఖాళీ అయితే ముడుచుకుంటుంది. నాజిల్‌కు గట్టి పైపు నేరుగా బిగిస్తే ఆ కదలికంతా నాజిల్ మొదలు మీద పడి అక్కడ చీలుతుంది. సాగి ముడుచుకునే పీటీఎఫ్‌ఈ బెలో తప్పనిసరి. వెంటు సైజు నింపే లైను కంటే తగ్గకూడదు. ట్యాంకర్‌ను గాలితో ఖాళీ చేస్తుంటే ఇంకా పెద్దది కావాలి, ఎందుకంటే చివర్లో యాసిడ్ అయిపోగానే గాలి ఒక్కసారిగా ట్యాంకులోకి దూసుకొస్తుంది. వెంటును పొగను కడిగే స్క్రబ్బర్‌కు కలిపితే బ్లోయర్ పీల్పుకు ట్యాంకు కప్పు లోపలికి కుంగకుండా వాక్యూమ్ బ్రేకర్ పెట్టండి.

7. ఫ్యాబ్రికేటర్ షెడ్డులో తనిఖీ

రబ్బరు లైనింగు అయితే షీటు అతికించక ముందే వెళ్లండి. లోపలి వెల్డులన్నీ నున్నగా రుద్ది ఉండాలి, మూలలు వేలితో తడిమితే గుండ్రంగా తగలాలి, బ్లాస్టింగ్ చేశాక ఇనుము బూడిద రంగులో ఉండాలి. రబ్బరు ఫ్లాంజ్ ముఖం మీదికి తిరగాలి. అతికించి ఉడికించాక స్పార్క్ టెస్టు (హై వోల్టేజి బ్రష్‌తో చిల్లులు పట్టే పరీక్ష) మీ కళ్ల ముందు చేయించండి. బ్రష్ మూలల్లో, నాజిల్ మెడల్లో ఆగి ఆగి తిరగాలి, చిటపటమని నిప్పురవ్వ లేచిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టించండి. ఆ తర్వాత ఆ ట్యాంకుకు బయట నిచ్చెన క్లిప్ కూడా వెల్డు చేయకూడదు. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 4682, ఆర్డరులో రాయండి.

ఎఫ్‌ఆర్‌పీలో బలం ఇచ్చేది బయటి పొరలు, యాసిడ్‌ను ఆపేది లోపలి మూడు మి.మీ. మాత్రమే: మొదట రెజిన్ ఎక్కువున్న వీల్, దాని వెనక చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజు పోగుల పొర). ఆ పొర సరిగా క్యూర్ అయిందో లేదో రెండు నిమిషాల్లో తెలుసుకోవచ్చు. నాలుగు చుక్కల అసిటోన్ వేసి ఆరేదాకా వేలితో రుద్దండి. వేలు జిగటగా అంటితే క్యూర్ కాలేదు. బార్కోల్ గేజితో పది చోట్ల గట్టిదనం చూడండి, రెజిన్ కంపెనీ చెప్పిన అంకెలో 90 శాతానికి తగ్గకూడదు. కోసిన నాజిల్ రంధ్రం అంచులో గాజు దారాలు బయటికి కనిపిస్తుంటే రెజిన్‌తో మూయించండి, యాసిడ్ ఆ దారాల వెంటే లోపలికి పాకుతుంది.

8. పునాది, డైకు

20 కేఎల్ హెచ్‌సీఎల్ 23 టన్నులు తూగుతుంది, 20 కేఎల్ సల్ఫ్యూరిక్ దాదాపు 37 టన్నులు. చలక నేలలో పునాది సులువు. రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుతుంది, అక్కడ గట్టి పొర తగిలేదాకా తవ్వి మొరం నింపి ఆ పైన రాఫ్ట్ (ఒకే కాంక్రీటు పలకలాంటి పునాది) వేయండి. ప్లాస్టిక్ ట్యాంకు అడుగంతా సమంగా ఆనాలి, కింద కంకర రాయి ఒక్కటి మిగిలినా అదే చోట చిల్లు.

డైకు (కారిన ద్రవం ఆగేందుకు ట్యాంకు చుట్టూ కట్టే తొట్టి) పరిమాణం అందులోని పెద్ద ట్యాంకుకు 110 శాతం. 20 కేఎల్‌కు 22 ఘనమీటర్లు కావాలి. 6, 5 మీటర్ల డైకులో ట్యాంకు ఆక్రమించే చోటు తీసేస్తే గోడ 0.9 మీటర్లుంటే అంచుకు సరిపోతుంది, వాననీళ్లకు చోటు కావాలి కాబట్టి ఒక మీటరు పైనే కట్టండి. హైపో, యాసిడ్ ఒకే డైకులో పెట్టకండి, కలిస్తే క్లోరిన్ గ్యాస్. అన్‌లోడింగ్ కప్లింగులు కూడా వేర్వేరు సైజులు పెట్టండి, డ్రైవర్ పొరపాటున తగిలించినా బిగుసుకోకుండా.

నేలకు తాండూరు బండలు, షాబాద్ బండలు వేసే అలవాటు మనకు ఇంటి నుంచి వచ్చింది. అవి సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుసా పొంగి కరుగుతాయి. యాసిడ్ రెసిస్టెంట్ టైల్స్ వేసి, యాసిడ్ డైకుకు పొటాషియం సిలికేట్ మోర్టారుతో కీళ్లు నింపండి. అదే మోర్టారు కాస్టిక్ డైకులో నిలవదు, అక్కడ ఎపాక్సీ లేదా ఫ్యూరాన్ రెజిన్ మోర్టారు వాడండి.

9. నీళ్ల పరీక్ష, మొదటి లోడు, తర్వాతి తనిఖీలు

హైడ్రోటెస్టుకు అందరూ బోరు నీళ్లే పడతారు. ఎంఎస్‌కు, ప్లాస్టిక్‌కు ఫర్వాలేదు. ఎస్ఎస్ ట్యాంకుకు మాత్రం నీళ్లలో క్లోరైడ్ 50 పీపీఎం లోపు ఉండాలి, ఈ జిల్లాల్లో చాలా బోర్లు దానికి సరిపోవు. ఆర్ఓ నీళ్లు వాడి, పరీక్ష అయిన రోజే వదిలేసి ఆరబెట్టండి. నీళ్లు అడుగున నెలరోజులు నిలిచిపోతే కెమికల్ పోయకముందే గుంటలు మొదలవుతాయి. నల్లగొండ బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌కు వెళ్లే యాసిడ్‌ను ఆ నీళ్లతో పలుచన చేయకండి, యాసిడ్‌లో ఫ్లోరైడ్ కొద్దిగా ఉన్నా గాజును కొరుకుతుంది.

నీళ్ల పరీక్ష పాసైనంత మాత్రాన 1.84 సాంద్రతకు పాసైనట్టు కాదని గుర్తుంచుకోండి. మొదటి లోడు మూడో వంతు పోసి ఒక రోజు ఆగండి, పునాది, నాజిళ్లు చూసి తర్వాత మిగతాది. సల్ఫ్యూరిక్ ట్యాంకులో పరీక్ష నీళ్లు ఒక్క బకెట్టు మిగిలినా మొదటి యాసిడ్ తగలగానే మరుగుతుంది, వేడిగాలితో పూర్తిగా ఆరాకే నింపండి.

మొదటి మందం రీడింగులు ఆరు నెలలకు, తర్వాత ఏడాదికోసారి తీయండి. ప్రతిసారీ అవే చుక్కల దగ్గర, అందుకే పెయింటుతో గుండ్రాలు వేసి నంబర్లు రాసిపెట్టండి: అడుగున, మామూలుగా ద్రవం నిలిచే మట్టం దగ్గర, కప్పు మీద, ప్రతి నాజిల్ పైవైపు. సల్ఫ్యూరిక్ ట్యాంకు అడుగున ఏళ్లకేళ్లకు ఫెర్రస్ సల్ఫేట్ మడ్డి చేరుతుంది. తీసేటప్పుడు కొద్దికొద్దిగా నీళ్లు చల్లితే ట్యాంకు మొత్తం పలుచని యాసిడ్‌తో తడుస్తుంది, హైడ్రోజన్ లేస్తుంది. ముందు యాసిడ్‌ను చుక్క మిగలకుండా తోడి, మడ్డిని వీలైనంత పొడిగానే గీకించి, మిగిలినదాన్ని ఒక్కసారిగా పుష్కలంగా నీళ్లు వదిలి కడిగి, వెంటనే సోడా యాష్ నీళ్లతో తటస్థం చేసి ఆరబెట్టండి. లిట్మస్ కాగితం అడుగు వెల్డు మీద అంటించి చూసి, రంగు మారకపోతేనే మనిషిని లోపలికి దించండి. అది కూడా ఆక్సిజన్, హైడ్రోజన్ మీటరు చూశాక, బయట తాడు పట్టుకుని ఒక మనిషి నిలబడ్డాకే.